యూపీఆర్‌కి నివేదిక రాయడం, పాత సిఫార్సుల లెక్క తీయడం: నా అనుభవం

ఒక్కో దేశపు మానవ హక్కుల పరిస్థితిని ఐక్యరాజ్యసమితిలో (ఐరాస) సాటి దేశాలు సుమారు నాలుగున్నరేళ్లకోసారి సమీక్షించి సిఫార్సులు చేస్తాయి, ఆ ప్రక్రియే యూపీఆర్. పౌర సంస్థల కూటముల తరఫున యూపీఆర్‌కి నివేదికలు రాయడం, గతసారి వచ్చిన సిఫార్సులు ఎంతవరకు అమలయ్యాయో లెక్క తీయడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఈ దేశం ఎన్ని సిఫార్సులు ఒప్పుకుంది?" ఆ అంకె పత్రికల్లో శీర్షికకు పనికొస్తుంది, ప్రభుత్వ ప్రకటనకు పనికొస్తుంది. పరిస్థితి బాగుపడిందా లేదా అన్నది దాంతో తేలదు. నాలుగున్నరేళ్ల తర్వాత "ఇది జరిగిందా?" అని అడిగితే అవుననో కాదనో ఖచ్చితంగా చెప్పగలిగే సిఫార్సులు ఎన్ని వచ్చాయన్నదే నేను చూసుకునే లెక్క. అలాంటివి రప్పించాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను.

యూపీఆర్ అంటే యూనివర్సల్ పీరియాడిక్ రివ్యూ. 2006 మార్చి 15న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 60/251 తీర్మానంతో మానవ హక్కుల మండలిని ఏర్పాటు చేసినప్పుడే దీన్నీ అందులో రాశారు. 2007 జూన్‌లో మండలి 5/1 తీర్మానంతో నియమాలు ఖరారు చేసింది. 2008 ఏప్రిల్‌లో మొదటి సమీక్షలు జరిగాయి. ఇక్కడ సమీక్షించేది నిపుణులు కాదు, సాటి ప్రభుత్వాలు. నిపుణుల కమిటీలు వేరే ఉన్నాయి. అవి ఒక్కో మానవ హక్కుల ఒప్పందానికి ఒక్కటి చొప్పున పనిచేస్తాయి, ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించిన దేశాలనే ప్రశ్నిస్తాయి. యూపీఆర్‌కి ఆ పట్టింపు లేదు. సభ్యదేశమైతే చాలు, 193 దేశాలూ వరసలోకి వస్తాయి. మొదటి విడత నాలుగేళ్లలో ముగిసింది, రెండో విడత నుంచి నాలుగున్నరేళ్లకు పైగా పడుతోంది. ఇప్పుడు నడుస్తున్న నాలుగో విడత 2022 నవంబరులో మొదలైంది. ఏటా మూడుసార్లు కూర్చుంటారు, కూర్చున్నప్పుడల్లా సుమారు 14 దేశాల వంతు వస్తుంది.

సాటి ప్రభుత్వాలు సమీక్షిస్తాయంటే రాజకీయం ఉంటుంది, దాపరికం ఏమీ లేదు. మిత్రదేశాలు పొగుడుతాయి, పొరుగున పడనివాళ్లు గుచ్చుతారు. అయినా దీన్ని తేలిగ్గా తీసేయను. ఒక మంత్రి లేదా సీనియర్ అధికారి అంతర్జాతీయ వేదిక మీద, కెమెరా ముందు, "దీన్ని చేస్తాం" అని రికార్డులోకి ఎక్కేలా చెప్పే సందర్భాలు చాలా తక్కువ. ఆ మాటను తర్వాత కోర్టులో ఉటంకించవచ్చు, చట్టసభలో ప్రశ్నగా వేయించవచ్చు, బడ్జెట్ చర్చలో గుర్తుచేయవచ్చు.

సమీక్షకు ఆధారం మూడు పత్రాలు. మొదటిది ప్రభుత్వం రాసే జాతీయ నివేదిక, 10,700 పదాలు మించకూడదు. రెండోది ఒప్పంద కమిటీలు, మండలి నియమించే ప్రత్యేక ప్రతినిధులు, ఐరాస సంస్థలు ఆ దేశం గురించి చెప్పినవాటిని మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం కూర్చే సంకలనం. మూడోది పౌర సంస్థలు, జాతీయ మానవ హక్కుల కమిషన్ వంటివాళ్లు పంపిన నివేదికల సారాంశం. దీన్నీ ఆ కార్యాలయమే రాస్తుంది. పత్రం నంబరు చివర 1, 2, 3 అని ఉంటుంది. 3తో ముగిసేది మనది. పట్టుమని పది పేజీలుండే ఆ సారాంశంలోకి ఒక్కోసారి డజన్ల కొద్దీ నివేదికలు ఎక్కాలి. అంటే మనం రాసినదాంట్లోంచి రెండు మూడు వాక్యాలు దక్కితే గొప్ప. ఈ సంగతి తెలిశాక రాసే తీరే మారిపోతుంది.

ఒక్క సంస్థ విడిగా పంపితే 2,815 పదాలు, కొన్ని సంస్థలు కలిసి పంపితే 5,630 పదాలు. మూలాలు చూపే అడుగు గమనికలు ఈ లెక్కలోకి రావు. రావు కదా అని వాదనంతా గమనికల్లోకి తోస్తే అది ఎవరూ చదవరు. ఐరాసలో సంప్రదింపుల హోదా (పౌర సంస్థలకు ఐరాస ఇచ్చే అధికారిక గుర్తింపు) లేని సంస్థ కూడా పంపవచ్చు, చిన్న సంస్థలు చాలావరకు ఇది తెలియకే వెనకాడతాయి. ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో ఏదో ఒకదాంట్లో రాస్తే మంచిది. పేరాలకు, పేజీలకు నంబర్లు వేసి, వర్డ్ ఫైలుగా ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఫొటోలు, మ్యాపులు, పాత నివేదికల జిరాక్సులు జతచేయవద్దు. గడువు సమీక్షకు ఆరేడు నెలల ముందే పడుతుంది, అదీ సమీక్షలు జరిగే జెనీవా కాలమానం ప్రకారం. దాటితే పరిగణనలోకి తీసుకోరు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన గడువు నాటికి ప్రభుత్వ నివేదిక ఇంకా బయటికి రాదు. ప్రభుత్వం ఏం చెప్పబోతోందో ఊహించి దానికి ముందే జవాబు రాసి పెట్టాలి. గత నివేదిక, ఈ మధ్య ఒప్పంద కమిటీలకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానాలు దగ్గర పెట్టుకుంటే ఊహ పెద్దగా తప్పదు. ప్రభుత్వాలు తమ వాక్యాలను తామే తిరిగి వాడుకుంటాయి.

అయితే నివేదిక రాయడం మొదటి మెట్టు కాదు. మొదటి మెట్టు పాత సిఫార్సుల పట్టిక. గడువుకు కనీసం ఐదారు నెలల ముందు అది తయారవ్వాలి. హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైటులో ప్రతి దేశానికీ ఒక పేజీ ఉంటుంది. గత సమీక్షలో వచ్చిన సిఫార్సులు, అవి చేసిన దేశాల పేర్లు, ప్రభుత్వ జవాబు, అంశం అన్నీ ఉన్న పట్టిక అందులో దొరుకుతుంది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చుకుని పని మొదలుపెట్టాలి.

ముందు ఒకేలాంటివాటిని కలపాలి. మరణశిక్ష రద్దు చేయమని ఇరవై దేశాలు అడిగితే పట్టికలో ఇరవై వరసలు ఉంటాయి, పని మాత్రం ఒకటే. కలపకుండా శాతాలు తీస్తే లెక్క మొత్తం వంకరపోతుంది. కలిపాక ఒక్కో సిఫార్సు ఎంత గట్టిదో చూడాలి. రాజనీతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మెక్‌మాన్ రూపొందించిన ఐదు మెట్ల వర్గీకరణ ఇందుకు బాగా పనికొస్తుంది. జెనీవాలోని యూపీఆర్ ఇన్ఫో సంస్థ తన డేటాబేస్‌లో దాన్నే వాడింది. సాయం కోరమనో, అనుభవాలు పంచుకోమనో చెప్పేవి ఒక రకం. చేస్తున్నది కొనసాగించమనేవి రెండో రకం. పరిశీలించమనేవి మూడోది. బలోపేతం చేయమని, మెరుగుపరచమని పైపైన చెప్పేవి నాలుగోది. చట్టం చేయమని, ఒప్పందాన్ని ధ్రువీకరించమని, ఫలానా సెక్షన్ రద్దు చేయమని తేల్చి చెప్పేవి ఐదోది. ఊరికే ఒక లెక్క అనుకోండి: ఒక దేశానికి 200 సిఫార్సులు వచ్చాయి, 150 ఒప్పుకుంది. 75 శాతం, వినడానికి బాగుంది. ఆ 150లో 110 మొదటి నాలుగు రకాలవే, ఐదో రకం 40 మాత్రమే అనుకుందాం. ఒప్పుకోని 50 మొత్తం ఐదో రకమే. అప్పుడు తేల్చి చెప్పిన 90లో ఒప్పుకున్నవి 44 శాతం. రెండు అంకెలూ నిజమే. మొదటిది ప్రభుత్వం చెబుతుంది, రెండోది మనం తీయాలి.

తర్వాత ఒక్కో వరసనూ నింపడం. శ్రమంతా ఇక్కడే, సంస్థలు ఎక్కువగా దాటేసేదీ ఇదే. హైకమిషనర్ కార్యాలయం 2012లో మానవ హక్కుల సూచికల మీద ఒక మార్గదర్శిని ప్రచురించింది. దాని ప్రకారం ఏ హక్కునైనా మూడు చోట్ల కొలవాలి: చట్టం, వ్యవస్థ ఉన్నాయా? అవి నడుస్తున్నాయా? మనుషుల బతుకులో తేడా వచ్చిందా? ఒక ఊహా సిఫార్సు తీసుకుందాం: "నిర్బంధంలో హింసపై ఫిర్యాదులను విచారించే స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేయాలి." మొదటి గడిలో: చట్టం వచ్చిందా, అధికారికంగా ఏ తేదీన అమల్లోకి వచ్చింది, సభ్యులను నియమించేది ఎవరు, పోలీసు శాఖ నుంచి వేరుగా ఉందా. రెండో గడిలో: కుర్చీలు నిండాయా, ఏడాది బడ్జెట్ ఎంత, అందులో ఖర్చయింది ఎంత, ముందస్తు సమాచారం లేకుండా నిర్బంధ కేంద్రాలకు వెళ్లే అధికారం ఉందా, ఉంటే వాడారా. మూడో గడిలో: వచ్చిన ఫిర్యాదులు, విచారణ పూర్తయినవి, కేసు పెట్టినవి, శిక్ష పడినవి, పరిహారం అందినవి.

ఈ మూడో గడిలో బోల్తా కొట్టించే సంగతి ఒకటి ఉంది. కొత్త సంస్థ పెట్టిన ఏడాదికి ఫిర్యాదులు పెరుగుతాయి. చూడ్డానికి హింస పెరిగినట్టు ఉంటుంది. నిజానికి ఫిర్యాదు చేస్తే వింటారన్న నమ్మకం కలగడం వల్లా పెరగవచ్చు. అందుకని ఫిర్యాదుల సంఖ్య ఒక్కటే పెట్టకూడదు, పక్కనే విచారణకు సగటున పట్టిన కాలం, నిర్బంధంలో సంభవించిన మరణాలు, వైద్య పరీక్షలు జరిగిన కేసులు పెట్టాలి. అంకెలు వేర్వేరు దిక్కులు చూపిస్తే అలా చూపిస్తున్నాయనే రాయాలి. ఇంకో చోట కూడా జాగ్రత్త. మధ్యలో నేర గణాంకాల వర్గీకరణ మారుస్తారు, ఒక శీర్షిక కింద లెక్కించేవి ఇంకో దాంట్లోకి పోతాయి, ఉన్నట్టుండి సగానికి సగం తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రభుత్వ నివేదిక దాన్ని పురోగతిగా చూపిస్తే, నిర్వచనం మారిన సంవత్సరం ఎత్తి చూపడం కంటే మంచి జవాబు లేదు.

బిల్లు ముసాయిదా తయారైందంటే అమలైనట్టు కాదు. ఇది చెప్పనక్కర్లేని సంగతి, అయినా మూడు విడతల జాతీయ నివేదికల్లో అదే ముసాయిదా "తుది దశలో" ఉండటం అరుదేమీ కాదు. భారత్‌నే చూడండి. హింస నిరోధక ఒప్పందం మీద 1997 అక్టోబరులో సంతకం పెట్టింది. దాన్ని ధ్రువీకరించమని 2008, 2012, 2017, 2022 సమీక్షలు నాలుగింటిలోనూ చెప్పారు. ధ్రువీకరణ ఇంకా జరగలేదు. ఇలాంటివాటికి పట్టికలో విడిగా ఒక రంగు వేస్తాం, నివేదికలో మొదటి పేజీలోకి వచ్చేవి అవే.

రేటింగ్ విషయానికొస్తే అమలైంది, కొంత అమలైంది, అమలు కాలేదు అనే మూడింటితో ఆపేయడం సరిపోదు. వెనక్కి పోయింది అనే నాలుగోది కావాలి. పత్రికా స్వేచ్ఛ కాపాడమని ఒప్పుకున్న దేశం ఆ తర్వాత పరువు నష్టానికి జైలుశిక్ష పెంచితే అది "అమలు కాలేదు" కాదు. ప్రతి రేటింగ్‌కీ కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు, తేదీలతో సహా ఉండాలి. ప్రభుత్వం నిజంగా చేసినదాన్ని చేసినట్టు రాయాలి. మొహమాటానికి కాదు, మిషన్లలో, అంటే జెనీవాలో దేశాలకుండే దౌత్య కార్యాలయాల్లో, చదివే దౌత్యవేత్తలు ఒక్క మంచి మాట కూడా లేని నివేదికను పక్షపాతమని పక్కన పెడతారు.

ఇప్పుడు నివేదిక. కూటమిలో పాతిక ముప్ఫై సంస్థలుంటే పాతిక ముప్ఫై అంశాలు బల్ల మీదికి వస్తాయి. 5,630 పదాల్లో పరిచయానికి, సంప్రదింపులు ఎలా జరిగాయో చెప్పడానికి 400 పోతే 5,200 మిగులుతాయి. ఎనిమిది అంశాలు పెడితే ఒక్కోదానికి 650. ఇరవై పెడితే 260, అందులో సమస్య చెప్పేసరికే అయిపోతుంది, ఆధారాలకు చోటుండదు. ఎనిమిది దాటనివ్వను. మిగతావాళ్లను వేరే జట్లుగా విడిపోయి వేరే నివేదికలు పంపమని చెప్పడమే మేలు. సారాంశంలో ఒకే మాట రెండు నివేదికల నుంచి వస్తే రెండింటి పేర్లూ గమనికలో పడతాయి, బరువు పెరుగుతుంది. ప్రతి పేరాలో మొదటి వాక్యం తనంతట తాను నిలబడాలి. సారాంశం రాసే అధికారి ఎత్తుకునేది ఆ వాక్యాన్నే. "పైన చెప్పినట్లు", "ఈ పరిస్థితుల్లో" అని మొదలైన వాక్యం ఎత్తుకోవడానికి వీలుకాదు. రాజ్యాంగం అధికరణలు, ఒప్పందాల పాఠాలు ఎక్కించి పదాలు తగలేయవద్దు, చదివేవాళ్లకు అవి తెలుసు.

బాధితుల పేర్ల సంగతి విడిగా చెప్పాలి. పంపిన నివేదికలు పంపినట్టే, సంస్థ పేరుతో సహా వెబ్‌సైటులో పెడతారు. రహస్యంగా ఉంచమంటే కుదరదు. కాబట్టి వ్యక్తుల పేర్లు, గుర్తుపట్టగలిగే వివరాలు రాయకూడదు. అప్పటికే బహిరంగమైన కేసైతే వాళ్ల అనుమతితోనే. ఐరాసతో మాట్లాడినందుకు బెదిరింపులో, కేసులో ఎదురైతే హైకమిషనర్ కార్యాలయానికి తెలియజేయాలి. ఇలాంటి కక్షసాధింపులపై ప్రధాన కార్యదర్శి ఏటా మండలికి నివేదిక ఇస్తారు. అందులో పేరు రావాలా వద్దా అన్నది బాధితుల ఇష్టం.

నివేదిక పంపాక చాలామంది చేతులు దులుపుకుంటారు. నా ఉద్దేశంలో అప్పటికి అయింది సగం కంటే తక్కువ పని. సిఫార్సులు చేసేది దేశాలు, కాబట్టి మన మాట ఏదో ఒక దేశం నోటి వెంట రావాలి. ఇక్కడ సమయం లెక్క ముఖ్యం. సమీక్ష మూడున్నర గంటలు. అందులో 70 నిమిషాలు సమీక్షకు వచ్చిన దేశానివి, 140 నిమిషాలు మిగతా దేశాలవి. ఆ 140 నిమిషాలను పేరిచ్చుకున్న దేశాలకు సమానంగా పంచుతారు. వంద దేశాలు పేరిస్తే ఒక్కోదానికి 84 సెకన్లు, 120 ఇస్తే 70. అభినందనలకు, ధన్యవాదాలకు 20 సెకన్లు పోతాయి. మిగిలిన దాంట్లో రెండు మూడు సిఫార్సులు పడతాయి, అంతే. సమయం అయిపోగానే మైకు ఆగిపోతుంది. చివర్లో పెట్టుకున్న సిఫార్సు గదిలో ఎవరికీ వినిపించదు. కాబట్టి ఒక దౌత్యవేత్తకు ఎనిమిది అంశాల నివేదిక ఇచ్చి లాభం లేదు. ఆ దేశానికి ఆసక్తి ఉన్న ఒక్క అంశం, ఒక్క పేజీ: సమస్య నాలుగు వాక్యాల్లో, గతసారి అదే దేశం చేసిన సిఫార్సు ఏమైందో ఒక వాక్యంలో, కింద పాతిక ముప్ఫై పదాల్లో సిద్ధంగా రాసిన సిఫార్సు. అలాగే ఎత్తి చదవగలిగేలా ఉండాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలో పాత పట్టికే చెబుతుంది. గతసారి ఆ అంశం లేవనెత్తిన దేశాలకు, అది ఏమైందో తెలుసుకోవాలని ఉంటుంది. పెద్ద దేశాల దగ్గర క్యూ ఉంటుంది, చిన్న, మధ్యస్థ దేశాల మిషన్లలో ఎక్కువసేపు వింటారు. అదే ప్రాంతపు దేశం చేసిన సిఫార్సును ప్రభుత్వం "బయటివాళ్ల జోక్యం" అని కొట్టిపారేయలేదు. సిఫార్సుల పాఠం చాలావరకు ఆయా దేశాల రాజధానుల్లో ఖరారై జెనీవాకు వస్తుంది. అందుకే ముందు సొంత రాజధానిలోని రాయబార కార్యాలయాలను రెండు మూడు నెలల ముందే కలవాలి. జెనీవాలో యూపీఆర్ ఇన్ఫో సమీక్షకు దాదాపు నెల ముందు ప్రీ-సెషన్లు నిర్వహిస్తుంది. అక్కడ పౌర సంస్థల ప్రతినిధులు మిషన్ల ముందు నేరుగా మాట్లాడవచ్చు. సమీక్షకు వారం ముందు వెళితే అందరి ప్రసంగాలూ అప్పటికే టైపై ఉంటాయి.

సిఫార్సు ఎలా రాయాలన్న దాని మీద ఇంకొంచెం చెప్పాలి, బాగా పాడయ్యేది ఇక్కడే. ఒక వాక్యంలో ఒకే పని అడగాలి. "ఒప్పందాన్ని ధ్రువీకరించి, మరణశిక్ష రద్దు చేసి, జైళ్లలో రద్దీ తగ్గించాలి" అని రాస్తే, మరణశిక్ష రద్దు ఇష్టం లేని ప్రభుత్వం మొత్తాన్నీ పక్కన పెడుతుంది. నివేదికలో ఒక సిఫార్సుకు మద్దతిస్తున్నట్టుగానో, గమనించినట్టుగానో (ఒప్పుకోలేదనడానికి వాడే మాట) రాస్తారు. సగం ఒప్పుకోవడానికి గడి లేదు. జైళ్ల రద్దీ విడిగా ఉంటే ఒప్పుకునేవాళ్లే. రెండోది, ఎవరు చేయాలో, ఎప్పటికి చేయాలో ఉండాలి. "నిర్బంధంలో హింస నివారణకు కృషి చేయాలి" అన్నదాన్ని నాలుగేళ్ల తర్వాత ఎవరూ తప్పుపట్టలేరు, ఒక్క శిక్షణ తరగతి పెట్టినా కృషే. "ప్రతి విచారణ గదిలో దృశ్య, శ్రవణ రికార్డింగ్ తప్పనిసరి చేస్తూ రెండేళ్లలోగా నిబంధనలు జారీచేయాలి" అంటే తేదీ దాటాక అడగొచ్చు. మూడోది, ఆ ప్రభుత్వం తేలిగ్గా ఒప్పుకునేది ఒకటి, కచ్చితంగా ఒప్పుకోనిది ఒకటి వేర్వేరు దేశాలకు ఇవ్వాలి. ఒప్పుకోనిది రికార్డులో ఉండటమూ అవసరమే.

సమీక్ష రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఐరాస వెబ్ టీవీలో ప్రత్యక్ష ప్రసారం వస్తుంది, రికార్డింగ్ కూడా ఉంటుంది. పౌర సంస్థలకు గదిలో కూర్చునే వీలుంది, మాట్లాడే వీలు లేదు. లాటరీలో వచ్చిన మూడు దేశాల బృందం, ట్రోయికా అంటారు, ముందే లిఖితపూర్వకంగా వచ్చిన ప్రశ్నలను చేరవేస్తుంది, నివేదిక తయారీలో సాయపడుతుంది. ట్రోయికాను మార్చేస్తే ఫలితం మారుతుందనుకోవడం భ్రమ, వాళ్ల చేతిలో అంత అధికారం లేదు. వింటూనే ఎవరేమన్నారో రాసుకోవాలి, మనం ఇచ్చిన వాక్యం ఎక్కడ మెత్తబడిందో చూసుకోవాలి. "చేయాలి" అన్నది "పరిశీలించాలి" అయిపోవడం మామూలే. దేశం అసలు రాకపోవడమూ జరిగింది. 2013 జనవరిలో ఇజ్రాయెల్ హాజరు కాలేదు, అదే ఏడాది అక్టోబరులో సమీక్షకు వచ్చింది. 2025 నవంబరులో అమెరికా రాలేదు.

రెండు మూడు రోజుల్లో సమీక్ష జరిపే వర్కింగ్ గ్రూపు తన నివేదికను ఆమోదిస్తుంది. అక్కడికక్కడే జవాబివ్వని సిఫార్సులకు, ఆ నివేదిక ఆమోదానికి వచ్చే మండలి సమావేశంలోగా ప్రభుత్వం అనుబంధ పత్రంలో జవాబివ్వాలి. జనవరిలో సమీక్ష అయితే జూన్, మే అయితే సెప్టెంబరు, నవంబరు అయితే మార్చి. ఈ మూడు నాలుగు నెలలు అందరూ మరిచిపోయే కాలం. నన్ను అడిగితే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న దశ ఇదే. జవాబులు నిర్ణయించేది విదేశాంగ శాఖ ఒక్కటే కాదు. ఫైలు హోం శాఖకు, న్యాయ శాఖకు, మహిళా శిశు సంక్షేమ శాఖకు తిరుగుతుంది. అక్కడి మధ్యస్థాయి అధికారికి తన శాఖకు వచ్చిన సిఫార్సుల వరకే ఒక పేజీ తీసుకెళ్లి ఇస్తే, ఒప్పుకోవడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేనివి ఏవో చూపిస్తే, అటో ఇటో ఉన్నవి కొన్ని మద్దతు వైపు వస్తాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను, చట్టసభ కమిటీని కదిలించాల్సిందీ ఇప్పుడే.

అనుబంధ పత్రం వచ్చాక జవాబులకు రాసిన వివరణలు చదవాలి, పట్టికలోని టిక్కులు చూసి ఊరుకోకూడదు. మద్దతిస్తున్నాం అని పైన పెట్టి, "ప్రస్తుత చట్టాలు ఇందుకు సరిపోతాయి" అని కింద రాస్తారు. అంటే ఏమీ చేయబోవడం లేదన్నమాట. ఇలాంటివి మన పట్టికలో విడిగా గుర్తు పెట్టుకోవాలి. తిరస్కరించాం అనే గడి లేనే లేదు, గమనించాం అన్నదాన్నే ఆ అర్థంలో వాడతారు. అయినా గమనించినవాటిలోనూ కొన్ని తర్వాత అమలవుతాయి, వాటినీ పట్టికలోంచి తీసేయవద్దు. మండలి ప్లీనరీలో ఆమోదానికి ఒక్కో దేశానికి గంట ఇస్తారు: దేశానికి 20 నిమిషాలు, మిగతా దేశాలకు 20, పౌర సంస్థలకు 20. ఇక్కడ మాట్లాడాలంటే మాత్రం సంప్రదింపుల హోదా కావాలి. లేనివాళ్లు హోదా ఉన్న సంస్థతో ముందే మాట్లాడుకుని వాళ్ల పేరు మీద చదవాలి. పేర్ల నమోదు ఆన్‌లైన్‌లో తెరిచిన వెంటనే నిండిపోతుంది. దక్కే రెండు నిమిషాల్లో సమస్యల జాబితా చదవకుండా, ప్రభుత్వం గమనించి వదిలేసిన ఒకట్రెండు సిఫార్సులకు చెప్పిన కారణం ఎందుకు నిలవదో చెబితే అది రికార్డులో పనికొచ్చే మాట అవుతుంది.

ఆమోదం తర్వాత హైకమిషనర్ ఆ దేశ విదేశాంగ మంత్రికి లేఖ రాస్తారు, మూడో విడత నుంచి ఈ పద్ధతి ఉంది. ఏ అంశాలు ముందు చేపట్టాలో అందులో ఉంటుంది, లేఖ బహిరంగమే. అధికారులతో కూర్చునేటప్పుడు మన నివేదిక కంటే ఆ లేఖ బల్ల మీద పెట్టడం సులువు. రెండేళ్లు, రెండున్నరేళ్లు గడిచాక మధ్యంతర నివేదిక ఇచ్చే వీలుంది. ప్రభుత్వానికి అది ఐచ్ఛికం, చాలా దేశాలు ఇవ్వవు. పౌర సంస్థలు సొంతంగా రాసుకోవచ్చు, యూపీఆర్ ఇన్ఫో వాటిని ప్రచురిస్తుంది. మధ్యంతర నివేదికలో వ్యాఖ్యానం తక్కువ పెట్టి పట్టికనే పెట్టాలి: సిఫార్సు, చేసిన దేశం, ప్రభుత్వ జవాబు, ఇవాళ్టి స్థితి, ఆధారం. తర్వాత ఆ సిఫార్సులు చేసిన ఒక్కో దేశపు రాయబార కార్యాలయానికి తమ వరసల వరకే విడదీసి పంపాలి. మొత్తం ఫైలు పంపితే తెరవరు. తమ దేశం పేరున్న నాలుగు వరసలు పంపితే మళ్లీ ఫోన్ చేసి అడుగుతారు.